ట్రిప్ కావలసినప్పుడు కాని స్విచ్‌లు

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

కృష్ణపట్నం చుట్టుపక్కల ఏ ప్లాంటు ఆగినా పత్రికల్లో ‘సాంకేతిక లోపంతో నిలిచిన ఉత్పత్తి’ అని నాలుగు ముక్కల వార్త వస్తుంది. రెండు రోజులకు ‘మరమ్మతులు పూర్తి’ అని ఇంకో ముక్క. నష్టం ఎంతో రాస్తారు గానీ, ఏ స్విచ్ చెబితే యంత్రం ఆగింది, ఆ స్విచ్ నిజం చెప్పిందా అబద్ధం చెప్పిందా అని ఎవరూ అడగరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కర్మాగారాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఊరికే ఆగిన ప్లాంటు మళ్లీ నడుస్తుంది. మా భయం ఇంకో వైపు ఉంది: ఆగవలసిన వేళ ఆగకుండా తిరిగే యంత్రం. అది బద్దలయ్యేదాకా వార్త కూడా రాదు. స్వాతి కార్తె వానలు పట్టుకోకముందే ప్రతి ప్లాంటూ తన డిజిటల్ ఇన్‌పుట్‌లను కాగితం మీద కాకుండా స్విచ్ దగ్గర నిలబడి పరీక్షించాలని మా మనవి. ఎందుకో, ఎలాగో కింద రాశాం. ఉత్తరం పొడుగైంది, మన్నించాలి.

ముందు సంగతేమిటో కొంచెం చెప్పాలి. పెద్ద ప్లాంటును నడిపే కంప్యూటర్ వ్యవస్థను డీసీఎస్ అంటాం. బాయిలర్‌కు ఒకటి, టర్బైన్‌కు ఒకటి, బొగ్గు బెల్టులకు ఒకటి, నీటి శుద్ధికి ఒకటి అని కంట్రోలర్లు విడివిడిగా ఉండి, అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. ఒత్తిడి ఎంత, వేడి ఎంత అని కొలత చెప్పేవి అనలాగ్ ఇన్‌పుట్‌లు. వాల్వు మూసుకుందా లేదా, పంపు నడుస్తోందా లేదా, లూబ్ ఆయిల్ ఒత్తిడి పడిపోయిందా లేదా అని అవునో కాదో మాత్రమే చెప్పేవి డిజిటల్ ఇన్‌పుట్‌లు. నేలటూరు థర్మల్ కేంద్రంలో ఉన్నటువంటి 800 మెగావాట్ల యూనిట్‌లో ఈ అవును కాదు సంకేతాలు వేలల్లో ఉంటాయి. వంటనూనె శుద్ధి కర్మాగారంలో వందల్లో. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో సాధారణంగా డీసీఎస్ ఉండదు, పీఎల్సీ అనే చిన్న కంట్రోల్ కంప్యూటర్ ఉంటుంది. అయినా అందులోని ఇన్‌పుట్ కార్డు, అంటే ఈ సంకేతాలను అందుకునే పలక, ఇదే జాతి, దాని జబ్బులూ ఇవే.

ఒక కార్డుకు మామూలుగా 16 గానీ 32 గానీ చానెళ్లు, అంటే సంకేతానికొకటి చొప్పున దారులు. ప్యానెల్‌లోని 24 వోల్టుల డీసీ సప్లై నుంచి ఒక తీగ ఫ్యూజ్ దాటి ఫీల్డులోకి, అంటే యంత్రం దగ్గరికి వెళ్తుంది, స్విచ్ కాంటాక్ట్ గుండా తిరిగి చానెల్‌కు వస్తుంది. అక్కడ ఒక రెసిస్టర్, దాని వెనక ఆప్టోకప్లర్. కాంటాక్ట్ మూసుకుంటే కొన్ని మిల్లీ ఆంపియర్ల కరెంటు పారి ఆప్టోకప్లర్‌లోని చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది. ఆ వెలుగు అవతలి ట్రాన్సిస్టర్ మీద పడితే కంట్రోలర్‌కు ‘1’ అందుతుంది. బయటి తీగకూ లోపలి ప్రాసెసర్‌కూ నడుమ రాగి సంబంధం లేదు, ఉన్నదల్లా వెలుతురే. అందువల్ల ఈ కార్డులు అంత తేలిగ్గా పోవు. మోటార్లను నడిపే ఎంసీసీ ప్యానెల్‌లో ఎవరో పొరపాటున 110 లేదా 230 వోల్టుల ఏసీ కంట్రోల్ తీగను 24 వోల్టుల తీగతో కలిపితే చానెల్ కాలిపోతుంది, పిడుగుపాటుకు పోతుంది. అంతకు మించి కారణాలు తక్కువ. కానీ వాన పడ్డ రాత్రి సిగ్నల్ ఊగిందంటే మన దగ్గర మొట్టమొదట చేసే పని కార్డు మార్చడం. తెల్లారి ఎండ వచ్చి, తీగలు కలిసే జంక్షన్ బాక్సు ఆరిపోతుంది, సిగ్నల్ కుదురుకుంటుంది, పేరు కొత్త కార్డుకు దక్కుతుంది. పాతది ‘ఫాల్టీ’ అని చీటీ అంటించుకుని బీరువాలోకి పోతుంది. అలా బీరువా చేరిన కార్డులను బల్ల మీద పెట్టి పరీక్షిస్తే మంచివి చాలానే బయటపడతాయి.

ఎంత కరెంటు పారితే అవును, ఎంతలోపు కాదు అనేది కంపెనీ ఇష్టం కాదు. దానికి ఐఈసీ 61131-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 24 వోల్టుల డీసీ ఇన్‌పుట్‌లలో టైప్ 1 అయితే 15 వోల్టులు, 2 మిల్లీ ఆంపియర్లు దాటితే ఆన్; 5 వోల్టుల లోపు గానీ 0.5 మిల్లీ ఆంపియర్ లోపు గానీ ఉంటే ఆఫ్. టైప్ 3 అయితే 11 వోల్టులు, 2 మిల్లీ ఆంపియర్లకు ఆన్, 1.5 మిల్లీ ఆంపియర్ల లోపు ఆఫ్. టైప్ 2కు ఆన్ కావడానికి 6 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఈ హద్దుల మధ్య పడిన సంకేతం ఎటు చదువుతుందో ఎవరి హామీ లేదు. మన కొనుగోలు ఆర్డర్లలో మాత్రం ‘24 వోల్టుల డీసీ, 32 చానెళ్లు’ అని రాసి ఊరుకుంటారు. లోహం దగ్గరికొస్తే గుర్తించే రెండు తీగల ప్రాక్సిమిటీ సెన్సార్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా 1.5 మిల్లీ ఆంపియర్ల దాకా లీక్ చేయవచ్చు. దాన్ని టైప్ 1 కార్డుకు కలిపితే వాల్వు తెరిచాక కూడా ‘మూసే ఉంది’ అని తెర మీద చూపించే ప్రమాదం ఉంది. టైప్ 3 కార్డు వాడటం సరైన మందు. కార్డు మార్చే వీలు లేకపోతే చానెల్‌కు, మైనస్‌కు మధ్య, లీకైన కరెంటును పక్కకు తీసేసే బ్లీడర్ రెసిస్టర్ వేయాలి. 4.7 కిలో ఓములది చాలదు: 1.5 మిల్లీ ఆంపియర్లకు దాని మీద 7 వోల్టుల దాకా నిలబడవచ్చు, 5 లోపుకు దిగకపోవచ్చు. 2.2 కిలో ఓములది వేస్తే 3.3 వోల్టులకు దిగుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు అది పావు వాట్ పైచిలుకు వేడిని పుట్టిస్తుంది గనక పావు వాట్ రెసిస్టర్ కాకుండా 1 వాట్‌ది వేయాలి.

ఇక అసలు విషయం. ట్రిప్‌కు, అంటే ప్రమాదం వేళ యంత్రం తనంతట తాను ఆగడానికి, సంబంధించిన స్విచ్‌లను ‘అంతా బాగుంటే మూసి ఉండేలా’ కలుపుతారు. నూనె ఒత్తిడి ఉన్నంతసేపూ కాంటాక్ట్ మూసి ఉంటుంది, చానెల్‌లో 1 ఉంటుంది. ఒత్తిడి పడితే కాంటాక్ట్ తెరుచుకుంటుంది, 0 అవుతుంది, యంత్రం ఆగుతుంది. తీగ తెగినా, ఫ్యూజ్ పోయినా, 24 వోల్టుల సప్లై పడిపోయినా 0 అవుతుంది గనక యంత్రం క్షేమం వైపే పడుతుంది. ఇంతవరకు పద్ధతి బాగానే ఉంది. అయితే ఆ 1 కాంటాక్ట్ వల్లనే వచ్చిందని కార్డుకు తెలిసే దారి లేదు. రెండు టెర్మినళ్లను ఏది కలిపినా 1 వస్తుంది. ఉప్పు పట్టిన తడి కలిపినా వస్తుంది, బొగ్గు బురద కలిపినా వస్తుంది, ఎవరో పెట్టి మరిచిపోయిన ముక్క తీగ కలిపినా వస్తుంది.

మన తీరంలో యంత్రాన్ని ఊరికే ఆపే జబ్బూ, ఆగవలసినప్పుడు ఆపని జబ్బూ రెండూ గాలి నుంచే పుడతాయి: అందులోని ఉప్పు, తేమ, గంధకపు వాయువులు. మొదటిది కాంటాక్ట్ లోపల. వెండి కాంటాక్ట్ మీద గాలిలోని గంధకపు వాయువుల వల్ల నల్లటి పొర పేరుకుంటుంది. కాయిల్‌ను నడిపే సర్క్యూట్‌లో అయితే ఆ కరెంటు, తెరిచేటప్పుడు లేచే మెరుపు ఆ పొరను కాల్చేస్తాయి. ఇన్‌పుట్ కార్డు పంపే 24 వోల్టులు, 3 మిల్లీ ఆంపియర్లకు ఆ శక్తి లేదు. అందుకే ఇన్‌పుట్‌లకు వాడే స్విచ్‌లకు బంగారు పూత కాంటాక్ట్ అడగాలి. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. స్టోర్‌లో కొత్తది లేదని సోలినాయిడ్ సర్క్యూట్‌లో నడిచిన స్విచ్‌ను తెచ్చి ఇన్‌పుట్‌కు పెడతారు. 110 వోల్టుల కాయిల్‌ను ఒక్కసారి తెంపినా పల్చటి బంగారు పూత ఎగిరిపోయి ఉంటుంది; అది కంటికి కనపడదు, మల్టీమీటర్ కూడా ఆ రోజుకు ‘0 ఓములు’ అనే చూపిస్తుంది.

ఈ వైపు తప్పు జరిగితే ఊరికే ట్రిప్ వస్తుంది. కేబుల్ దూరం ఎక్కువై వోల్టేజీ పడిపోయిందని వెంటనే ఒక మాట వినిపిస్తుంది. లెక్క చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓములు. పోను రాను 24. 3 మిల్లీ ఆంపియర్లకు పడే వోల్టేజీ 0.07. చానెల్ దగ్గర 24 బదులు 14 వోల్టులు కనిపిస్తే ఆ 10 వోల్టులను కేబుల్ తినలేదు. దారిలో ఎక్కడో మూడు నాలుగు కిలో ఓముల చిలుము కూర్చుని ఉంది: కాంటాక్ట్‌లో గానీ, సరిగా క్రింప్ చేయని లగ్‌లో గానీ, వదులైన టెర్మినల్ స్క్రూ కింద గానీ. ఫీల్డు స్విచ్ టెర్మినల్ దగ్గర ఒకసారి, జంక్షన్ బాక్సులో ఒకసారి, ఫీల్డు కేబుళ్లన్నీ కార్డులకు చేరే ముందు కలిసే మార్షలింగ్ ప్యానెల్‌లో ఒకసారి మైనస్ నుంచి వోల్టేజీ కొలుచుకుంటూ వస్తే ఎక్కడ పడిందో తేలిపోతుంది. కార్డు తీయనక్కర్లేదు.

రొయ్యల యూనిట్ల కంప్రెసర్ గదుల్లో ఇంకో శత్రువు అమ్మోనియా. తేమతో కలిసిన అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. కేబుల్ బాక్సులోకి వెళ్లే చోట బిగించే ఇత్తడి గ్లాండ్లు పగుళ్లిస్తాయి, పూత లేని రాగి లగ్‌లు నీలిపచ్చగా మారి పొడిరాలుతాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా పాలీఅమైడ్ గ్లాండ్లు, తగరం పూసిన తీగ, తగరం పూసిన లగ్ వాడాలి. పీఎల్సీ ప్యానెల్ కంప్రెసర్ గదిలో ఉండనే కూడదు. ఖర్చు తగ్గుతుందని గోడకు తగిలిస్తారు; ఆ మిగిలిన డబ్బు రెండు సీజన్లకే మరమ్మతులకు పోతుంది.

రెండో వైపు జబ్బు టెర్మినళ్ల మీది తడి. దీని లెక్క కూడా చూద్దాం. టైప్ 1 కార్డుకు 0.5 మిల్లీ ఆంపియర్ లోపు అయితే ఆఫ్ అని హామీ. 24 వోల్టులకు అంత కరెంటు పారాలంటే దారి మొత్తంలో 48 కిలో ఓములే ఉండాలి. అంటే కాంటాక్ట్‌కు అడ్డంగా లీకేజీ 48 కిలో ఓములకు పైన ఉన్నంతవరకు భయం లేదు. తీగల ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ 1 మెగా ఓం చూపించినా ఆ చానెల్ నిజమే చెబుతుంది. మామూలు వాన నీటికి ఒక బాక్సులో అంత లీకేజీ రావడం కష్టం. ఉప్పు పేరుకున్న టెర్మినల్ స్ట్రిప్ మీద బొగ్గు పొడి కూడా చేరి, దాని మీద తేమ దిగితే మాత్రం ఓములు చకచకా దిగిపోతాయి. పది కిలో ఓములకు దిగిన బాక్సులో స్విచ్ తెరుచుకున్నా చానెల్ 1 మీద ఉండిపోవచ్చు. తెర మీద ‘లూబ్ ఆయిల్ ప్రెషర్ నార్మల్’ అని ఆకుపచ్చగానే వెలుగుతుంటుంది. ఊరికే వచ్చిన ట్రిప్‌కు మేనేజరు దాకా ఫోన్లు వెళ్తాయి, రాత్రికి రాత్రే సరిచేస్తారు. ఇది మాత్రం చప్పుడు చేయదు గనక దీని కోసం ఎవరూ లేవరు.

మెగ్గర్ మాట వచ్చింది గనక ఒక హెచ్చరిక. 500 వోల్టుల మెగ్గర్ పెట్టేముందు మార్షలింగ్ ప్యానెల్‌లో నైఫ్ టెర్మినల్ తెరిచి కార్డును వేరు చేయాలి, ఫీల్డులో ఎలక్ట్రానిక్ సెన్సార్ ఉంటే దాన్నీ విప్పాలి. లేదంటే నిజంగానే కార్డు పోతుంది.

బాక్సులోకి నీరు వచ్చే దారి చాలావరకు గ్లాండే. దుమ్మూ నీరూ చొరబడవని ఐపీ 65 ముద్ర ఉన్న బాక్సు కొని, పైనుంచి రంధ్రం కొట్టి కేబుల్ దింపితే ఆ ఐపీ 65 కాగితం మీదే మిగులుతుంది. కేబుల్ ఎప్పుడూ కింది నుంచి ఎక్కాలి, ఎక్కేముందు ఒక వంపు తిరగాలి. నీళ్లు ఆ వంపు దగ్గర రాలిపోతాయి. సన్న కేబుల్‌కు పెద్ద గ్లాండు వేసి టేపు చుట్టడం మన కాంట్రాక్టు పనుల్లో మామూలు. గ్లాండుకు ఇంత అని కూలి కట్టే పద్ధతిలో అంతకన్నా ఆశించలేం, ఆ పిల్లల తప్పు కాదు. కొలతకు తగ్గ గ్లాండ్లు స్టోర్‌లో ఉంచనివాళ్లది. వాడని రంధ్రాలకు మెటల్ ప్లగ్ వేయాలి. తలుపు రబ్బరు గాస్కెట్ రోహిణి ఎండలకు గట్టిపడి పగిలిపోతుంది, ఏటా ఒకసారి మార్చినా ఖర్చు తక్కువే. పగటి ఎండకు వేడెక్కిన బాక్సు రాత్రి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని బయటి తేమను పీల్చుకుంటుంది. గాస్కెట్ ఎంత బాగున్నా ఇది ఆగదు. అడుగున బ్రీదర్ డ్రెయిన్ ఒకటి బిగిస్తే ఆ తేమ నీరై దిగిపోతుంది. టెర్మినళ్లు అడుగు నుంచి కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. ట్రిప్ సిగ్నల్ తాలూకు రెండు తీగలను పక్కపక్క టెర్మినళ్లలో పెట్టకుండా మధ్యలో ఒక ఖాళీ టెర్మినల్ వదలడం పైసా ఖర్చు లేని మందు.

కంట్రోల్ రూం సంగతి క్లుప్తంగా. ఐఎస్ఏ 71.04 అని ఒక ప్రమాణం ఉంది. రాగి రేకును గదిలో నెల రోజులు వేలాడదీసి పరీక్షకు పంపితే దాని మీద పేరుకున్న పొర 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే జీ1, అంటే ఎలక్ట్రానిక్స్‌కు సురక్షితం. తీరం పక్కన బొగ్గు కుప్పలు ఉన్నచోట ఏసీ పెట్టి తలుపు తీసి ఉంచితే జీ1 దక్కదు. తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ ఉన్న కార్డులే ఆర్డర్ చేయడం, గదిలో గాలి ఒత్తిడి బయటికన్నా కొంచెం ఎక్కువ ఉంచడం ఇందుకే.

తీగ మీద నిఘా పెట్టే పద్ధతి ఒకటుంది, మన ప్లాంట్లలో ఖర్చని వదిలేస్తున్నారు. నామూర్ రకం ఇన్‌పుట్‌కు 8.2 వోల్టులు, లోపల 1 కిలో ఓం ఉంటాయి. ఐఈసీ 60947-5-6 ప్రకారం 2.1 మిల్లీ ఆంపియర్లు దాటితే ఆన్, 1.2 లోపు ఆఫ్. స్విచ్ కాంటాక్ట్‌కు సమాంతరంగా 10 కిలో ఓములు, ఆ రెంటికీ సిరీస్‌లో 1 కిలో ఓం పెడితే మూసి ఉన్నప్పుడు 4.1 మిల్లీ ఆంపియర్లు, తెరిచి ఉన్నప్పుడు 0.68 పారతాయి. తీగ తెగితే సున్నాకు దిగుతుంది, తీగలు రెండూ అతుక్కుంటే 8.2కు ఎక్కుతుంది. రెండూ ‘ఫాల్ట్’ అని తెర మీద పడతాయి. ముక్క తీగ పెట్టి మరిచిపోయినా దొరికిపోతుంది. సగం తడిని మాత్రం ఇది కూడా అన్నిసార్లూ పట్టించదు, ఆ మేరకు గ్లాండు పని గ్లాండే చేయాలి. రెసిస్టర్లు స్విచ్ లోపలే పెట్టాలి. పని సులువని మార్షలింగ్ ప్యానెల్ టెర్మినళ్లకు పెట్టినవాళ్లున్నారు. అలా పెడితే నిఘా అంతా ప్యానెల్‌లోని అరమీటరు తీగ మీదే ఉంటుంది.

ఎర్త్ విషయం చెప్పకుండా ఉండలేం. 24 వోల్టుల మైనస్‌ను ఎర్త్ చేసిన ప్యానెల్‌లో స్విచ్‌ను ప్లస్ వైపు పెట్టారా మైనస్ వైపు పెట్టారా అన్నది చాలా తేడా తెస్తుంది. ప్లస్ వైపు పెడితే, చానెల్‌కు వచ్చే తీగ ఒరుసుకుని ట్రేకు తగిలినప్పుడు ఫ్యూజ్ పోతుంది, చానెల్ 0 అవుతుంది, సంగతి బయటపడుతుంది. మైనస్ వైపు పెడితే అదే తీగ ట్రేకు తగిలినప్పుడు కాంటాక్ట్ మూసుకున్నట్టే ఉంటుంది. స్విచ్ తెరుచుకున్నా కార్డుకు తెలియదు. ట్రిప్ సిగ్నళ్లకు ప్లస్ వైపే వాడాలి. ఎర్త్ చేయకుండా తేలే సప్లై అయితే మొదటి ఎర్త్ ఫాల్ట్ ఏమీ చేయదు, రెండోది ఏమైనా చేయగలదు. అందుకని ఎర్త్ ఫాల్ట్ మానిటర్ పెట్టి, మొదటి అలారం వచ్చిన రోజే వెతకాలి.

ఫ్యూజ్ పోతే వెలిగే ఎల్ఈడీ ఉన్న టెర్మినళ్ల మీద కూడా ఒక కన్ను ఉండాలి. ఫ్యూజ్ పోయాక ఆ ఎల్ఈడీ గుండానే చానెల్‌కు కొద్దిపాటి కరెంటు చేరుతుంది. ప్రమాణంలో ఆఫ్ హద్దుకు అది దగ్గరగా ఉంటే ఫ్యూజ్ పోయిన సంగతి కంట్రోలర్‌కు తెలియకపోవచ్చు. కొన్నాక ఒక చానెల్‌లో ఫ్యూజ్ పీకి, 0 అవుతుందో లేదో చూసుకోవడం అర నిమిషం పని. అలాగే 16 చానెళ్లకు కలిపి ఒకే ఫ్యూజ్ పెట్టకూడదు. ఒక లిమిట్ స్విచ్‌లో నీళ్లు చేరితే మిగతా పదిహేనూ చీకట్లోకి పోతాయి.

పోర్టుల్లో, థర్మల్ కేంద్రాల్లో బొగ్గు బెల్టుల పక్కన తాడు లాగితే బెల్టు ఆపే పుల్ కార్డ్ స్విచ్‌లుంటాయి. కిలోమీటరు బెల్టుకు 30 మీటర్లకొకటి చొప్పున రెండు పక్కలా కలిపి అరవై పైచిలుకు. వాటన్నిటినీ వరసగా ఒకే సర్క్యూట్‌లో కలిపి ఒకే చానెల్‌కు తెస్తారు. ఒక్కటి చిలుము పట్టి ఊగినా బెల్టు ఆగుతుంది. ఏది ఊగిందో తెలియక మనిషి బెల్టు వెంట నడవాలి. రెండు మూడు రాత్రులు అలా నడిచాక బాక్సులోనే ఆ గొలుసును అడ్డంగా కలిపేయాలన్న బుద్ధి పుడుతుంది. తాడు లాగినా ఆగని బెల్టు అలా తయారవుతుంది. ప్రతి స్విచ్‌కూ చిరునామా ఉన్న రకం పెడితే తెర మీదే ఫలానా నంబరు అని పడుతుంది. అంత డబ్బు లేకపోతే కనీసం 200 మీటర్ల ముక్కలుగా విడగొట్టి ఐదు చానెళ్లకు తేవాలి. 32 చానెళ్ల కార్డులో ఖాళీ చానెళ్లు పడి ఉంటూనే ఉంటాయి.

మూడింట రెండు ఓట్లతో ట్రిప్ చేసే పద్ధతిని మూడు స్విచ్‌లు కొనడంతో సరిపెడుతున్నారు. మూడూ ఒత్తిడిని స్విచ్ దాకా తెచ్చే ఒకే ఇంపల్స్ పైపు మీద, ఒకే జంక్షన్ బాక్సులో, ఒకే కేబుల్‌లో, ఒకే కార్డు మీద ఉంటే ఓటు ఒక్కటే. పైపు బురదతో పూడుకుంటే మూడూ కలిసి అబద్ధమాడతాయి. వేర్వేరు ట్యాపింగులు, వేర్వేరు బాక్సులు, వేర్వేరు కార్డులు ఉండాలి. డ్రాయింగులో ఇలాగే ఉంటుంది, సైటులో కేబుల్ చాలక ఒకటైపోతుంది.

ఫోర్స్ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇంజనీరింగ్ స్టేషన్‌లో ఒక చానెల్‌ను, స్విచ్ ఏం చెప్పినా, 1 అని బిగించేయవచ్చు; ఫోర్స్ అంటే అదే. స్టార్టప్‌లో అది అవసరమే. బిగించింది ఎవరు, ఎందుకు, ఎప్పుడు తీయాలి అని షిఫ్ట్ పుస్తకంలో రాసి, షిఫ్ట్ మారేటప్పుడు ఫోర్స్ జాబితాను ప్రింట్ తీసి అప్పగించాలి. సాఫ్ట్‌వేర్‌లో బిగించినది కనీసం జాబితాలో కనిపిస్తుంది. బాక్సులో పెట్టిన ముక్క తీగ ఏ జాబితాలోనూ ఉండదు. బైపాస్ అవసరమైతే ఎర్ర తీగతోనే, చీటీ కట్టి, పర్మిట్ నంబరు రాసి పెట్టాలన్న నియమం ఒక్కటి పెట్టినా చాలా ప్లాంట్లు బాగుపడతాయి. ఊగే సిగ్నల్‌ను లాజిక్‌లో అయిదారు సెకన్ల ఆలస్యం పెట్టి అణచడం కూడా బైపాస్‌కు తమ్ముడే. కాంటాక్ట్ దడకు కార్డులోని కొన్ని మిల్లీ సెకన్ల ఫిల్టర్ సరిపోతుంది. అంతకు మించి ఊగుతుంటే రోగం వేరే ఉంది.

పరీక్ష ఎలా చేయాలంటే: ప్రెషర్ స్విచ్ అనుకుందాం. ఓటు పద్ధతిలో ఉంటే ఒక్కొక్కటే, పర్మిట్ తీసుకుని, కంట్రోల్ రూంలో ఒక మనిషిని తెర ముందు కూర్చోబెట్టి మొదలుపెట్టాలి. మ్యానిఫోల్డ్ దగ్గర లైను మూసి, హ్యాండ్ పంపు, క్యాలిబ్రేట్ చేసిన గేజ్ కలపాలి. ఒత్తిడి పైకి తీసుకెళ్లి నెమ్మదిగా దించాలి. ఎక్కడ తెరుచుకుందో, మళ్లీ పెంచితే ఎక్కడ మూసుకుందో రెండూ రాయాలి. మూడుసార్లు చేయాలి, మూడు అంకెలు మూడు రకాలుగా వస్తే స్విచ్ లోపలి స్ప్రింగో డయాఫ్రమో అలిసిపోయింది. ప్రతిసారీ తెర మీద మారిందా, అలారం వచ్చిందా, లాజిక్‌లో ఆ ఓటు పడిందా చూడాలి. తరువాత బాక్సులో చానెల్ తీగ విప్పి 0 అవుతుందో చూడాలి. విప్పినా 1 ఉంటే వెతుకులాట అక్కడి నుంచి ప్యానెల్ వైపు. తీగ విప్పితే 0 అయి, స్విచ్ తెరిచినప్పుడు కాకపోతే తడి బాక్సులోనో స్విచ్ వైపో ఉంది. బాక్సులో రెండు టెర్మినళ్లను ముక్క తీగతో కలిపి ‘ఇన్‌పుట్ ఓకే’ అని టిక్కు పెట్టడం మన దగ్గర లూప్ చెక్ పేరుతో చెలామణి అవుతోంది. దానితో కేబుల్ మంచిదని మాత్రమే తేలుతుంది.

పంపు నడుస్తోందన్న సంకేతం మీద కూడా అతి నమ్మకం వద్దు. అది కాంటాక్టర్ అతుక్కుందని చెబుతుంది, అంతే. కప్లింగ్ తెగి మోటారు ఒంటరిగా తిరుగుతున్నా అదే 1 వస్తుంది. ఫ్లో స్విచ్‌నో డిశ్చార్జ్ ఒత్తిడినో దానికి జత చేయాలి.

విలేకరి మిత్రులకూ ఒక మాట. ప్లాంటు ఆగినప్పుడు ఏ సంకేతం ఏ క్షణాన పడిందో చూపే ‘సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్’ చూశారా, మొదట పడిన సంకేతం ఏది అని అడగండి. ఇందుకోసం వేసే ప్రత్యేక ఇన్‌పుట్ కార్డులు 1 మిల్లీ సెకను తేడాతో సమయం నమోదు చేస్తాయి. మామూలు కార్డులను కంట్రోలర్ 100 మిల్లీ సెకన్లకో ఇంకా నిదానంగానో చదువుతుంది గనక ఏది ముందు ఏది వెనక అన్నది తారుమారవుతుంది. ఎలక్ట్రికల్ రిలేల గడియారం, డీసీఎస్ గడియారం ఒకే జీపీఎస్ నుంచి సమయం తీసుకుంటున్నాయా అన్నది రెండో ప్రశ్న. ఈ రెంటికీ జవాబు లేకుండా ‘లోపం గుర్తించాం’ అంటే గుర్తించలేదని అర్థం.

ఆఖరుగా, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల ఐటీఐ, పాలిటెక్నిక్ కళాశాలలకు. మీ పిల్లలు పీఎల్సీ ప్రోగ్రాంలకు వాడే నిచ్చెన లాజిక్ బాగా రాస్తున్నారు. జంక్షన్ బాక్సు తెరిచిన చేతులు మాత్రం తక్కువ. ఒక 16 చానెళ్ల కార్డు, 24 వోల్టుల సప్లై, ఒక ప్రెషర్ స్విచ్, హ్యాండ్ పంపు, పది మీటర్ల కేబుల్, ఒక బాక్సు ఉంటే చాలు. పాత కార్డులను ప్లాంట్ల స్టోర్‌లు ఇవ్వగలవు. ఉప్పునీళ్లు కలిపిన స్ప్రే సీసా ఒకటి పక్కన పెట్టుకోవాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఆరు టెర్మినళ్లలో ఒకదాని మీద మాస్టారు ముందే చల్లి ఉంచి, కార్డు తీయకుండా మల్టీమీటర్‌తో అది ఏదో కనిపెట్టమనాలి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు, ఇంజనీర్లు కొందరు,
ముత్తుకూరు.